అరణ్యము అనే మాట: తెలుగు బైబిలు పదజాలము, మన ప్రసంగ వేదిక, మన అడవులు – ఒక విమర్శ

నాచారములోని ఒక సంఘములో వేసవి బైబిలు పాఠశాల ముగింపు రోజున పిల్లలు ప్రభువు శోధనను నాటకముగా ప్రదర్శించారు. వేదికను సిద్ధము చేసినవారు యౌవనస్థులు. అరణ్యము చూపించాలి గనుక పారిశ్రామికవాడ రోడ్డు పక్కనున్న వేప, కానుగ కొమ్మలు విరుచుకొని వచ్చి వేదికంతా పచ్చగా నింపారు. అపవాది వేషము వేసిన కుర్రవాడు ఆ ఆకుల మధ్య రాయి కనబడక కాసేపు తడుముకున్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. అందులో తప్పేమీ నాకు తోచలేదు.

నా పక్కన కూర్చున్నది ఆ సంవత్సరము పరిచర్య శిక్షణకు వచ్చిన వేదాంత విద్యార్థి. భద్రాచలము వైపు నుండి వచ్చిన కోయ యువకుడు. అతడు మెల్లగా అడిగాడు: "అయ్యగారూ, ఇంత అడవి ఉన్నప్పుడు ప్రభువుకు ఆకలెందుకు వేసింది? మా వైపు అడవిలో ఇప్పపువ్వు ఉంటుంది, తునికిపండ్లు ఉంటాయి, గడ్డలు ఉంటాయి, తేనె ఉంటుంది. ఇశ్రాయేలీయులు కూడా అరణ్యములో నీళ్లు లేవని సణిగారంటాము గదా. నీళ్లు లేని అడవి నేను చూడలేదు."

దాదాపు ఇరవై సంవత్సరములు అరణ్యము మీద ప్రసంగించినవాడిని నేను. ఆ ప్రశ్నకు అప్పుడు ఇచ్చిన జవాబు సరియైనది కాదు. ఏదో ఆత్మీయార్థము చెప్పి దాటవేశాను. ఈ వ్యాసము ఆ జవాబును సరిదిద్దుకొనే ప్రయత్నము.

హెబ్రీ పాత నిబంధనలో మన ప్రస్తుత చర్చకు ముఖ్యమైన పదములు రెండు. ఒకటి మిద్బార్, రెండవది యఆర్. మిద్బార్ అంటే దున్నని నేల. వానలు పడినప్పుడు కొద్దిగా గడ్డి మొలిచే, మిగతా కాలములో ఎండిపోయే మేత భూమి. కొన్నిచోట్ల అచ్చమైన ఎడారి. మోషే మామ మందను తోలుకొని వెళ్లినది మిద్బార్‌కే (నిర్గమ. 3:1). యోవేలు 2:22లో పచ్చిక మొలిచేదీ మిద్బార్‌లోనే. యఆర్ వేరు. చెట్లు దట్టముగా ఉన్న చోటు అది. అబ్షాలోము సైన్యములో కత్తికంటె ఎక్కువమందిని పొట్టన పెట్టుకున్నది ఎఫ్రాయిము యఆర్ (2 సమూ. 18:8). యోనాతాను కర్రతో తేనె అందుకున్నదీ, ఎలుగుబంట్లు బయటికి వచ్చినదీ యఆర్ నుండే. క్రొత్త నిబంధన గ్రీకులో ఎరెమోస్ అనే మాట మిద్బార్‌కు దగ్గరిది. జనులు లేని చోటు అని దాని భావము.

ఇప్పుడు మన చేతులలో ఉన్న పాత అనువాదమును తెరవండి. మిద్బార్‌కు సాధారణముగా అరణ్యము అని ఉన్నది. సీనాయి అరణ్యము, పారాను అరణ్యము, యూదయ అరణ్యము. యెషయా 35వ అధ్యాయపు మొదటి వచనములో పూయవలసినది అరాబా, అనగా చెట్టు లేని ఎండు మైదానము; అక్కడ తెలుగులో అడవి అని ఉన్నది. లూకా 15లో తొంబది తొమ్మిది గొర్రెలను విడిచిపెట్టిన ఎరెమోస్ కూడా తెలుగులో అడవే. గొర్రెలు కాసే ఏ కురుమ వృద్ధుడినైనా అడిగి చూడండి, మందను అడవిలో వదలి ఒక్కదాని కోసము వెళ్లే కాపరిని ఏమంటాడో. చిరుతపులి సంగతి అతడికి మనకంటె బాగా తెలుసు. మంచి కాపరి ఉపమానము ఆ ఒక్క మాటతో అజాగ్రత్త కాపరి ఉపమానముగా మారిపోతుంది. ఇక నిజమైన అడవికి, అనగా యఆర్‌కు, అదే అనువాదము అడవి, వనము అనే మాటలు వాడింది. అందువలన యెహోషువ నరకమన్న అడవి, యెషయాలో పూయబోయే అడవి, గొర్రెలను విడిచిన అడవి తెలుగు చదువరికి ఒక్కటే అడవిగా కనబడుతున్నాయి.

అనువాదకులను నిందించడము తేలిక. నేను ఆ పని చేయను. లండన్ మిషనరీ సొసైటీవారు విశాఖపట్నమునకు వచ్చినది 1805లో. క్రాన్, డెస్ గ్రాంజెస్ ఇద్దరూ కొద్ది సంవత్సరములలోనే మరణించారు. మత్తయి, మార్కు, లూకా సువార్తల తెలుగు అనువాదము 1812లో శ్రీరాంపూరులో అచ్చయింది. తెలుగు నేలపై ఎడారి లేదు. లేనిదానికి మాట వెదకవలసిన స్థితి వారిది, వారి తరువాతివారిది. పైగా సంస్కృతములో అరణ్యము అనే మాటకు మొదటి భావము చెట్లు కాదు. అరణ అంటే దూరపుది, పరాయిది. గ్రామము కానిది, దున్ననిది అరణ్యము. ఆ లెక్కన పండితులు మిద్బార్‌కు ఎన్నుకున్న మాట శాస్త్రరీత్యా తప్పని అనలేము. జాంగలము అనే సంస్కృత పదము చెట్లు పలుచగా ఉన్న పొడి నేలకు చెల్లేది. అదే ఇంగ్లీషులోకి వెళ్లి జంగిల్ అయి దట్టమైన అడవి అయింది. మాటలు ఇలా దిక్కు మార్చుకుంటాయి. అయితే పంతొమ్మిదవ శతాబ్దపు పండితుడి చెవిలో అరణ్యము ఏమి పలికినా, నాచారములో కొమ్మలు విరిచిన యౌవనస్థుల చెవిలో పలికినది చెట్లే. అనువాదము చదువరి చెవి దగ్గర నిలుస్తుంది లేదా పడిపోతుంది.

దీని ఫలము ప్రసంగ వేదిక మీద కనబడుతుంది. మన ఉజ్జీవ కూటములలో అరణ్యము అంటే శోధన, శిక్ష, సణుగుడు, దేవుడు విడిచిన స్థలము. అరణ్యమును దాటాలి, అరణ్యములో చావకూడదు, అరణ్యము వెనుక ఉండాలి, కనాను ముందు ఉండాలి. నలభై సంవత్సరముల మీద నలభై ప్రసంగములు విన్నవారు మన సంఘాలలో చాలామంది ఉన్నారు. వారి మనస్సులో ఆ నలభై సంవత్సరములు చెట్ల మధ్య గడిచినవే. అడవి నుండి వచ్చిన విశ్వాసి వీటిని ఎలా వింటాడు? తన ఊరు శాపగ్రస్త స్థలమని వింటాడు. ఆ విద్యార్థి నాతో తరువాత చెప్పినది ఇదే. వాళ్ల ఊరి సంఘములో ఒక ప్రసంగీకుడు అరణ్యమును విడిచి బయటికి రండి అని పిలిస్తే, ఒక ముసలామె లేచి, ఊరు ఖాళీ చేయమంటున్నారా అని అడిగిందట. పోలవరము ముంపు మాటలు వినబడుతున్న ప్రాంతము అది. ఆమె ప్రశ్నలో అపార్థము ఎంత ఉన్నదో నాకు ఇప్పటికీ తేలలేదు.

లిన్ వైట్ అనే చరిత్రకారుడు 1967లో సైన్స్ పత్రికలో రాసిన వ్యాసము వేదాంత విద్యార్థులందరికీ తెలిసినదే. పాశ్చాత్య క్రైస్తవ్యము ప్రకృతిని మానవుని వాడకమునకు లోబరచినదని ఆయన అభియోగము. దానికి జవాబుగా మనము ఆదికాండము 1:28లోని లోపరచుకొనుట అనే మాటను 2:15లోని కాచుట అనే మాటతో సరిచేసి పాఠము ముగిస్తాము. అది మంచి పాఠమే. నేనూ చెప్పాను. కాని తెలుగు సంఘములో అడవి పట్ల ఉన్న చులకన లోపరచుకొనుట అనే మాట నుండి వచ్చిందని నేను అనుకోను. అంతకంటె ఎక్కువగా అది అరణ్యము అనే మాట నుండి వచ్చింది. అభియోగము వేరే చోటిది, దోషము ఇక్కడిది. మనము అక్కడి అభియోగమునకు జవాబు చెప్పి ఇక్కడి దోషమును వదిలివేశాము.

ఇదంతా నిఘంటువుల తగవు అనుకొనే పాఠకులు ఉండవచ్చు. ఉప్పల్‌లో మెట్రో ఎక్కి రాయదుర్గములో దిగండి. అక్కడికి దగ్గరలోనే కంచ గచ్చిబౌలి ఉన్నది. హైదరాబాదు విశ్వవిద్యాలయమును ఆనుకొని ఉన్న 400 ఎకరములలో 2025 మార్చి చివర యంత్రములు దిగి చెట్లు కూల్చాయి. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు దానిని ఆపింది. తగవంతా దేని మీద నడిచింది? అది అడవియా కాదా అనే మాట మీద. రెవిన్యూ దస్తావేజులలో అడవి అని లేదు, కంచ, పోరంబోకు అని ఉన్నది గనుక అడవి కాదని ప్రభుత్వ పక్షము. చెట్లు, జింకలు, నెమళ్లు, నీటి మడుగులు ఉన్నాయి గనుక అడవే అని విద్యార్థుల పక్షము. గోదావర్మన్ కేసులో 1996 డిసెంబరు 12న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వు ప్రకారము, యాజమాన్యము ఎవరిదైనా, నిఘంటువు అర్థములో అడవి అయినది అడవే. 2023లో అటవీ సంరక్షణ చట్టమును సవరించి ఆ అర్థమును కుదించబోతే, 2024 ఫిబ్రవరిలో అదే న్యాయస్థానము పాత అర్థమునే తాత్కాలికముగా నిలిపింది. ఒక మాటకు నిఘంటువులో ఏ అర్థము ఉన్నదనే దాని మీద వందల ఎకరముల చెట్లు ఆధారపడిన కాలమిది. మాటలను అలక్ష్యము చేసే హక్కు వాక్య పరిచారకులకు అందరికంటె తక్కువ.

కంచ అనే ఆ మాట దగ్గర కాస్త ఆగాలి. తెలంగాణలో కంచ అంటే పశువులు మేసే దున్నని నేల. కోస్తాలో కంచె అంటే ముళ్ల దడి. విశాఖపట్నములో కూర్చున్న అనువాదకులకు రెండవ అర్థమే తెలిసి ఉంటుంది. హెబ్రీ మిద్బార్‌కు మన భాషలో అతి దగ్గరి మాట ఏది అని నన్ను అడిగితే, అరణ్యము కాదు, ఎడారి కూడా కాదు, కంచ అంటాను. మోషే మందను కంచకు తోలుకొని వెళ్లాడు. కాపరి తొంబది తొమ్మిదింటిని కంచలో విడిచాడు. సీనాయి ద్వీపకల్పమంతటికీ ఈ మాట చాలదని ఒప్పుకుంటాను, అక్కడ ఎడారి అనక తప్పదు. కొత్త అనువాదములు కొన్ని ఎడారి అనే మాటను ఇప్పటికే తెచ్చాయి. వాటిని ఇంటిలో చదువుకొనేవారు ఉన్నారు గాని ఆదివారము వేదిక మీద పాత అనువాదమే చదువుతున్నాము.

ఉప్పల్ భగాయత్ మాట కూడా ఇలాంటిదే. భగాయత్ అంటే తోట భూమి. మూసీ ఒడ్డున ఉన్న ఆ నేలను హెచ్ఎండిఎ లేఅవుటుగా వేసి 2019లో ప్లాట్లు వేలము వేసింది. కాగితములో తోట మిగిలింది. ఏదెను తోట గురించి నేను ఆ పక్క వీధిలో పాఠము చెప్పి వచ్చిన రోజులున్నాయి, ఆ సంగతి ఒక్కసారి కూడా తలవలేదు.

అరణ్యమును పక్కన పెట్టి యఆర్‌ను వెదికితే, బైబిలులో అడవి గురించి వేరే కథ దొరుకుతుంది. ఆ కథ సొలొమోనుతో మొదలవుతుంది. రాజులు మొదటి గ్రంథము 5వ అధ్యాయములో దేవదారు, సరళ మ్రానుల కోసము ముప్పది వేలమందిని వెట్టికి పట్టి, నెలకు పదివేల చొప్పున లెబానోనుకు పంపాడు. బరువులు మోసేవారు డెబ్బది వేలు, కొండలలో కొట్టేవారు ఎనుబది వేలు. మనము దీనిని మందిర నిర్మాణ ప్రసంగముగానే వాడుకుంటాము; భవన నిధి ఆదివారమునకు ఇంతకంటె అనువైన భాగము లేదు. అయితే 7వ అధ్యాయము కూడా చదవాలి. మందిరమునకు ఏడు సంవత్సరములు, తన ఇంటికి పదమూడు. లెబానోను అరణ్యము అని పేరు పెట్టిన భవనము నూరు మూరల పొడవు. దేవుని మందిరము అరువది మూరలే. అడవిని నరికి, ఆ నరికిన స్తంభములు నిలిపిన ఇంటికి అడవి పేరే పెట్టాడు. చెట్లు కొట్టివేసి ఆ చెట్ల పేరుతో వెంచర్లు వేసే మన నగరములో దీనికి వ్యాఖ్యానము అక్కరలేదు. ఆ వెట్టి 12వ అధ్యాయములో రాజ్యమును చీల్చింది. వెట్టివారిమీద అధికారిని జనులు రాళ్లతో కొట్టి చంపారు.

ప్రవక్తలు దీనిని మరచిపోలేదు. యెషయా 14లో బబులోను రాజు కూలినప్పుడు సంతోషించేవి చెట్లు, తమను నరకడానికి ఇక ఎవడూ ఎక్కి రావడము లేదని. 37లో సన్హెరీబు గర్వములో మొదటి పద్దు దేవదారులను నరకడమే. హబక్కూకు 2:17 లెబానోనుకు చేసిన బలాత్కారము చేసినవాని మీదికే తిరిగి వస్తుందంటుంది. సామ్రాజ్యములు ఆ కొండలను ఖాళీ చేశాయి. రోమా చక్రవర్తి హద్రియాను నాలుగు జాతుల చెట్లను తనకు ప్రత్యేకించుకొని రాళ్ల మీద చెక్కించిన హద్దు శాసనములు సుమారు రెండు వందలు లెబానోను కొండలలో దొరికాయి. చివరికి మిగిలిన పాత దేవదారు తోపులలో ఒకటి బ్షర్రె దగ్గర ఉన్నది. దానిని ప్రభువు దేవదారులు అంటారు. 1876లో విక్టోరియా రాణి సొమ్ముతో మేకలు చొరకుండా దాని చుట్టూ గోడ కట్టారు. 1998లో అది ప్రపంచ వారసత్వ స్థలమయింది. ఆ తోపును ఇంతకాలము కాచినవారిలో మరోనీయ క్రైస్తవ సంఘము ఉన్నది. ఇథియోపియా ఉత్తర భాగములో మరింత విశేషము. అక్కడి పొలాల మధ్య మిగిలిన పాత అడవి ముక్కలు చాలా మట్టుకు ఆర్థడాక్సు దేవాలయముల చుట్టూ ఉన్నవే. ఆకాశము నుండి చూస్తే గోధుమరంగు నేల మీద పచ్చని చుక్కలు, ప్రతి చుక్క మధ్యలో ఒక గుడి. ఇది క్రైస్తవ్యము చేసిన పని. ఎనిమిదవ శతాబ్దములో గైస్మారు దగ్గర సింధూర వృక్షమును నరికిన బొనిఫేసు కథను మన సంఘ చరిత్ర తరగతిలో శౌర్యముగా చెబుతాము. అదీ క్రైస్తవ్యము చేసిన పనే. రెండూ చెప్పాలి.

నెహెమ్యా 2:8లో ఒక చిన్న ఉద్యోగి కనబడతాడు. రాజు అడవులను కాసే ఆసాపు. కోట గుమ్మములకు కలప కావాలంటే నెహెమ్యా అతని పేరిట తాకీదు తెచ్చుకోవాలి. కాచుట అనే పనికి అక్కడ ఉన్న హెబ్రీ ధాతువు షామర్. ఆదికాండము 2:15లో ఆదాము పని కూడా షామరే. దేవుని పని కోసమైనా సరే, కాచేవాడి దగ్గర అనుమతి లేకుండా చెట్టు కొట్టకూడదు అనే ఏర్పాటు నెహెమ్యాకు సిగ్గుగా తోచలేదు.

కష్టమైన భాగము యెహోషువ 17. యోసేపు సంతతివారు చోటు చాలదన్నప్పుడు, అడవికి వెళ్లి నరుకుకోండి అన్నాడు యెహోషువ. నీ సరిహద్దు విశాలపరచబడును అనే తరహా ప్రసంగములకు ఇది మూలము. ఈ వచనమును ఆ విద్యార్థి ఎదుట ఎలా చెప్పాలో నాకు తెలియలేదు. వాళ్ల కుటుంబము పోడు చేసుకొని బ్రతికింది. 2006 అటవీ హక్కుల చట్టము కింద పట్టా కోసము ఏళ్లు తిరిగింది. తెలంగాణ ప్రభుత్వము 2023 జూన్‌లో నాలుగు లక్షల ఎకరములకు పైగా పోడు పట్టాలిచ్చింది. అడవిని కాపాడాలి అని నగరములోని వేదిక మీద నుండి పలికేటప్పుడు ఆ కొడవలి ఎవరి మెడ మీద పడుతుందో చూసుకోవాలి. అయితే అతడే నాకు తేడా చెప్పాడు. "పోడు కొట్టినా మా నాయన ఇప్పచెట్టు జోలికి పోడు, అయ్యగారూ. అది తాత చెట్టు." నల్లమలలో యురేనియము అన్వేషణకు 2019లో అనుమతి మాట వచ్చినప్పుడు ఎదురు నిలిచినవారిలో ముందున్నది చెంచులు. ఆ సెప్టెంబరులో శాసనసభ తవ్వకములకు వ్యతిరేకముగా తీర్మానము చేసింది. అడవిలో బ్రతికేవాడు వేరు, అడవి మీద బ్రతికేవాడు వేరు. యెహోషువ 17ను ఈ తేడాతో చదవడము నాకు ఇంకా చేతకాలేదు. ఈ పత్రిక పాఠకులలో పాత నిబంధన బోధించేవారు ఎవరైనా ప్రయత్నించాలి.

మన సంఘాలు ఏమీ చేయడము లేదని కాదు. జూన్ 5కు దగ్గరి ఆదివారమును పర్యావరణ ఆదివారముగా ఆచరించే సంఘాలు ఉన్నాయి. 2015లో చిలుకూరులో హరితహారము మొదలైన తరువాత కాపరులు, బిషప్పులు మొక్కలు నాటిన ఫొటోలకు కొదువ లేదు. నేనూ ఒకటి నాటాను, అది కోనోకార్పస్. తరువాత ఆ జాతిని నాటవద్దని ప్రభుత్వమే చెప్పింది. మొక్క నాటడము మీద నాకు విరోధము లేదు. కాని నాటిన మొక్క నరికిన పాత చెట్టుకు బదులు అనే లెక్క అబద్ధము. పాత అడవిలో తొర్రలు ఉంటాయి, ఆ తొర్రలలో గుడ్లగూబలు, చిలుకలు ఉంటాయి. పడి కుళ్లిన మ్రానులో పురుగు, దాని కింద శిలీంధ్రము, దాని కింద వందల ఏళ్లుగా ఆకు రాలి పేరుకున్న మట్టి, ఆ మట్టిలో వాననీరు ఆగి వాగులో వేసవి దాకా ఊరడము. నల్లమద్ది, ఏగిస, తునికి, ఇప్ప ఒకే వయస్సువి కాక ముసలివి, నడివయస్సువి, పిల్లవి కలిసి ఉంటాయి. వరుసలో నాటిన లక్ష మొక్కలు దీనిని ఇవ్వలేవు. ఇచ్చేసరికి మన మనుమల మనుమలు ఉంటారు. మహబూబ్‌నగర్ పిల్లలమర్రి ఏడు వందల ఏళ్లదని చెబుతారు. 2018లో చెదలు పట్టిన ఆ ఒక్క చెట్టును నిలపడానికి అటవీశాఖవారు కొమ్మలకు సెలైను సీసాలవలె మందు సీసాలు వేలాడదీయవలసి వచ్చింది. ఒక్క ముసలి చెట్టు ప్రాణము అంత ఖరీదు.

కంచ గచ్చిబౌలి పాత అడవి కాదు, అది వేరే సంగతి. నారపల్లి దగ్గర వరంగల్ రహదారి పక్కన పార్కుగా చేసిన అడవి కూడా అలాంటిది కాదు. ఉప్పల్, నాచారము సంఘాలకు దగ్గరలో పాత అడవి ఏదీ మిగలలేదు. పాపికొండలు, నల్లమల, కవ్వాల్ దూరము. అందుచేతనే, మన విశ్వాసి అడవిని చూసేది బైబిలులోనే. అక్కడ అతడికి తప్పు అడవిని చూపిస్తున్నాము.

అనువాద సవరణ జరిగే వరకు కాపరి చేయగలిగినది ఒకటి ఉన్నది. లేఖన పఠనములో అరణ్యము అని చదివి, వ్యాఖ్యానములో ఎడారి అనో, కంచ అనో, బీడు అనో చెప్పడము. కిందటి లెంటు కాలములో నేను ఆ పని మొదలుపెట్టాను. లూకా 15 వచ్చిన ఆదివారము, గొర్రెలను కంచలో విడిచి అని చెప్పినప్పుడు, వెనుక వరుసలో కూర్చునే ఒక వృద్ధుడు ఆరాధన తరువాత ఆగి నన్ను పలుకరించాడు. చిన్నప్పుడు ఉప్పల్ చుట్టుపక్కల మంద కాసినవాడు. ఆ కాపరి ఒక్కడే ఉన్నాడా, ఇంకెవరైనా తోడు ఉన్నారా అని అడిగాడు. కంచలో ఎప్పుడూ ఇద్దరు ముగ్గురు మందలు కలిపి మేపుతారట, ఒకడు వెదకబోతే మిగతావారు చూస్తారట. వాక్యములో ఆ సంగతి లేదని చెప్పాను. "రాయకపోయినా ఉంటారు లెండి అయ్యగారూ, కంచ అన్నారు గదా" అని ఆయన వెళ్లిపోయాడు.